నా బిడ్డను పెట్టిన చోటు

దయ్యం, గాలి, ధూళి అని ఎవరైనా మొదలుపెడితే లేచి వంటింట్లోకి పోయే మనిషిని నేను. చిన్నప్పటి నుంచీ అంతే. ఆబిడ్స్‌లో ఆడపిల్లల బడిలో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పాను. ఏ పిల్లయినా జవాబు మాత్రం రాసి, అది ఎట్లా వచ్చిందో చూపించకపోతే సున్నా వేసేదాన్ని. అలాంటి నేనే ఇప్పుడు ఎట్లా వచ్చిందో చూపించలేని జవాబు ఒకటి మీ ముందు పెడుతున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల మాట ఇది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో గుమాస్తా. మాతోపాటు మా అత్తమ్మ, మా మరిది శంకరం. మామగారు నేను కాపురానికి రాకముందే పోయారు. మొదటి కాన్పులో నాకు ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, తలనిండా జుట్టుతో ఉండేది. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో ఆగి, నా మొహంలోకి ఒకసారి చూసి, మళ్ళీ తాగేది. దాని పేరు ఇక్కడ రాయను. ఎందుకో కొంచెం ఆగితే మీకే తెలుస్తుంది.

పిల్లకు మూడో నెల నడుస్తుండగా నాకు టైఫాయిడ్ వచ్చింది. దవాఖానలో వేశారు. పాలివ్వకూడదన్నారు, పిల్లను దగ్గరికే తేవద్దన్నారు. ఇంట్లో అత్తమ్మ ఆవుపాలు పట్టింది. పాపం, ఆమె చేయగలిగిందంతా చేసింది. ఆ పాలు పడలేదో, నీళ్లే చెడ్డవో, పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. నేను ఒళ్లు తెలియని జ్వరంలో ఉండగానే అది పోయింది. మా ఆయన నా మంచం దగ్గర ఉన్నారు. శంకరమే పిల్లను బట్టలో చుట్టి, రెండు చేతుల మీద పెట్టుకుని శ్మశానానికి తీసుకుపోయి పూడ్చి వచ్చాడు.

నేను ఇల్లు చేరాకే ఆ మాట చెప్పారు. అప్పటికే ఉయ్యాల తీసి అటక మీద పెట్టేశారు.

మాలో పసిపిల్లలను కాల్చరు, పూడుస్తారు. వాళ్లకు దినాలు ఉండవు, గోరీ ఉండదు, గుర్తుకు రాయి కూడా పెట్టరు. పూడ్చినవాళ్లు వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. మళ్ళీ ఎవరూ ఆ చోటికి పోరు. ఇక ఆడవాళ్లయితే శ్మశానం వైపే పోరు.

శంకరాన్నే అడుగుదామంటే అతనూ లేకుండా పోయాడు. నేను మంచం దిగి నాలుగడుగులు వేసేలోపే ఫౌజు మోటార్లు బాగుచేసే పనికి పేరిచ్చి ఓడ ఎక్కేశాడు. ఆ ఇంట్లో ఉండలేకే పోయాడని నాకు తర్వాత అర్థమైంది. ఉత్తరం రాసి అడగండి అని మా ఆయన వెంటపడ్డాను. “పరాయి దేశంల ఉన్నోనికి గీ సంగతి యాద్ జేయాల్నా?” అన్నారు. అదీ నిజమే. అతను తిరిగి వస్తాడో రాడో ఎవరికి తెలుసు!

అంటే నా బిడ్డ ఎక్కడుందో తెలిసిన మనిషి నాకు అందేంత దూరంలో ఒక్కరూ లేరు. నేనేమన్నా గొంతెమ్మ కోరిక కోరానా? చివరిచూపు ఎట్లాగూ దక్కలేదు. ఇదీ చోటు అని ఒక్కసారి నిలబడి చూస్తే చాలు. చూసి తీరాలనుకున్నాను. నన్ను పుట్టింట్లో జగమొండి అన్నది ఊరికే కాదు.

అత్తమ్మకు చెప్పాను. ఆమె చేతిలో చాట అట్లాగే ఆగిపోయింది.

“ఆడోళ్లు గాడికి పోతరా? ఏడన్న విన్నవా నువ్వు?”

“ఇప్పుడు వింటున్నరు గద అత్తమ్మా.”

“నీ నోట్ల మన్ను వడ!” అంది. అంతలోనే, మన్ను అన్నందుకు తానే నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇద్దరికీ మాటల్లేవు. వంట చేసుకుంటున్నాం, తింటున్నాం. ఆమె పట్టు ఆమెది, నా పట్టు నాది. ఒక పొద్దున జొన్నరొట్టె కొడుతూ, నా వైపు చూడకుండానే, “నువ్వు పోయేదానివి పోనే పోతవ్. పోతే మాత్రం గిట్ల పోవాలె” అని మొదలుపెట్టింది.

ఆమె ఎన్నడూ పోలేదు. తండ్రి దగ్గర, భర్త దగ్గర విని పెట్టుకున్నదే చెప్పింది. అయినా ఎంత వివరంగా చెప్పిందని! తలకు నూనె రాసుకుని పోవద్దు, పువ్వు పెట్టొద్దు. మంగళవారం, శుక్రవారం పోవద్దు. చెప్పులు బయటే విడవాలి. ఏ దిబ్బనూ దాటొద్దు, చుట్టి పోవాలి. వేలుపెట్టి చూపించొద్దు. పిల్లను పేరు పెట్టి పిలవొద్దు. ఏడ్చినా కంటి నీళ్లు ఆ మన్ను మీద పడనీయొద్దు, అవి పిల్ల మీద బరువవుతాయట. చెంబెడు నీళ్లు తీసుకుపోయి పోసి రావాలి. అక్కడి నుంచి ఆకు గానీ రాయి గానీ తేవద్దు. వచ్చే దారిలో ఇంకొకరి గడప తొక్కొద్దు. పెరట్లో స్నానం చేసి, కట్టుబట్ట తడిపాకే ఇంట్లో అడుగుపెట్టాలి.

“దిబ్బలు లెక్కవెట్టకు. నీకసలే గా రోగమున్నది” అంది. ఆ దుఃఖంలో కూడా నాకు నవ్వు వచ్చింది. ఆమెకూ వచ్చింది గానీ రొట్టె వైపు తిరిగి దాచుకుంది.

చివరికి ఇంకొకటి చెప్పింది. “లేసేటప్పుడు పోయొస్త అనొద్దు. ఊకె లేసి రావాలె. యాదుంచుకో.”

ఇది మనందరికీ తెలిసిందే. ఎవరింటికి పోయినా లేచేటప్పుడు పోయొస్తా అనకపోతే అమర్యాద. చావింట్లో, శ్మశానంలో ఆ మాటే అంటే అపచారం.

సరే అత్తమ్మా, అన్నాను. నేను మొండిదాన్నే గానీ మర్యాద తెలియనిదాన్ని కాదు. ఆడది పోకూడదన్న ఒక్కటి తప్ప ఆమె చెప్పినవన్నీ పాటించాలని నిశ్చయించుకున్నాను. అందుకే ఇప్పటికీ బిడ్డ పేరు ఈ కథలో రాయడం లేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆడదాన్ని, సిగ్గు పడితే ఈ అనుభవం చెప్పలేను. దవాఖానలో ఉండగానే జ్వరానికి నాకు పాలు తగ్గిపోయాయి. ఇంటికొచ్చాక మిగిలినవి కూడా పోవాలని అత్తమ్మ మల్లెపూలు తెచ్చి గుండెలకు కట్టింది. అది మల్లెల కాలం. పాలు పూర్తిగా ఎండిపోయాయి. ఆ తర్వాత వానలు వచ్చి వెళ్లాయి. నేను శ్మశానానికి బయలుదేరేసరికి చలికాలం దిగింది. అన్ని నెలల్లో ఒక్క చుక్క తడి లేదు. బట్టలు ఉతికే అత్తమ్మకూ అది తెలుసు.

మొదటి రోజు మా ఆయన తోడొచ్చారు. లోపలికి మాత్రం రాలేదు. గేటు దగ్గర నిలబడి, “జర జల్ది రా” అన్నారు. పసిపిల్లలను పెట్టే భాగం లోపల ఒక మూలకు ఉంది. చిన్న చిన్న దిబ్బలు, కొన్ని కుంగిపోయి, కొన్ని గడ్డిలో కలిసిపోయి ఉన్నాయి. నక్కలు తోడకుండా పైన ముళ్లకంప, రాళ్లు వేసి ఉన్నాయి. దేనికీ గుర్తు లేదు. ఇంతమంది పిల్లలా అనుకున్నాను. లెక్కపెట్టలేదు, నిజంగానే లెక్కపెట్టలేదు.

కాపరిని అడిగాను. “ఎవరు యాదుంచుకుంటరమ్మా, తెస్తరు, వెట్టిపోతరు” అన్నాడు. అతన్ని అని ఏం లాభం.

ఆ రోజు ఏమీ తెలియలేదు. తెచ్చిన నీళ్లు ఎక్కడ పోయాలో తెలియక గేటు దగ్గరి చెట్టుకు పోసి వచ్చాను. మళ్ళీ పోయాను. మళ్ళీ నీళ్లు చెట్టుకే. మా ఆయన మొహం మాడ్చుకునేవారు. “ఏం దేవులాడుతున్నవ్ సుగుణా? తెల్వనిది ఎట్ల తెలుస్తది?” అనేవారు. అయినా మానలేదు. బట్ట మీద కుట్టు వేసినట్టు ఒక చివర నుంచి వరస పట్టుకుని నడిచేదాన్ని. ఇవాళ ఎంతదాకా నడిచానో, మర్నాడు అక్కడి నుంచి మొదలు. చూసిన చోటే మళ్ళీ చూసే అవసరం ఉండకూడదు కదా. ప్రతి దిబ్బ దగ్గరా ఆగి, ఇదేనా అని మనసులో అడిగేదాన్ని. ప్రతిచోటా గుండె పిండేసినట్టే ఉండేది. ఈ మాట గుర్తుంచుకోండి. ఏడుపు, ఆశ, దిగులు అన్ని చోట్లా ఒక్కలాగే ఉండేవి.

ఆ రోజు ప్రహరీగోడ మలుపు దగ్గరికి వచ్చాను. ఎండ బాగానే వచ్చింది. అక్కడ ఒక దిబ్బకూ ఇంకో దిబ్బకూ మధ్య కొంచెం మిట్టగా, ఖాళీగా ఉంది. దిబ్బ లేదు, కంప లేదు, చదునుగా గడ్డి. అక్కడ ఏమీ లేదనుకుని దాటిపోబోతున్నాను. నిజానికి ఆ క్షణంలో నేను బిడ్డ గురించి ఆలోచించడం లేదు. కాల్లో ముల్లు దిగితే, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి తీసుకుంటున్నాను.

అప్పుడు చేపుకొచ్చింది. పాలిచ్చిన తల్లులకు నేను చెప్పనక్కర్లేదు. బిడ్డ ఆకలికి ఏడిస్తే రొమ్ముల్లో సూదులు గుచ్చినట్టు జివ్వుమంటుంది చూడండి, అది. ఏమిటా అని చూసుకునేలోపే రవిక తడిసింది. చీర తడిసింది. నేను కొంగు అడ్డం పెట్టుకుని దిక్కులు చూశాను. ఎవరూ లేరు. ఎక్కడా పసిబిడ్డ ఏడుపు లేదు.

నేను భయపడలేదు. ముందు అనుమానపడ్డాను. అక్కడి నుంచి దూరంగా నడిచి పోయాను. ఆగిపోయింది. చెంగు ఆరేదాకా ఎండలో నిలబడి, ఇంకోవైపు నుంచి చుట్టి, వేరే దిబ్బల దగ్గర ఆగుతూ వచ్చాను. ఏమీ లేదు. ఆ మిట్ట మీదికి రాగానే మళ్ళీ చేపు. అక్కడే కూలబడిపోయాను. నీళ్లు పోశాను. కంటి నీళ్లు మన్ను మీద పడకుండా కొంగులోనే ఏడ్చాను. ఎంత సంతోషమో, ఎంత దుఃఖమో చెప్పలేను. దొరికిందమ్మా నా తల్లి, దొరికింది!

లేచి నిలబడ్డాను. పొద్దెక్కింది, బడికి పోవాలి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. నోటికి అదే వచ్చేసింది.

“పోయొస్త బిడ్డా.”

అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు.

ఇంటికి వచ్చి పెరట్లో స్నానం చేస్తుంటే అత్తమ్మ నా రవిక ఉతకడానికి తీసుకుంది. గట్టిగా అయిన బట్టను వేళ్లతో నలిపి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె అయిదుగురిని కన్న మనిషి, ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

“ఇవి పాలు గద పిల్లా” అంది.

జరిగింది చెప్పాను. నోటి నుంచి జారిన మాట కూడా దాచలేదు. అంతే, నెత్తి కొట్టుకుంది. “అయ్యో, గాడ గా మాట అంటరానే! నిన్ను గూడ పిలుస్తది గదనే!” అని నన్ను పట్టుకుని ఏడ్చింది. అంతవరకూ ఆమె నన్ను పట్టుకుని ఏడ్వలేదు. నన్ను తిట్టేది బిడ్డ కోసమనుకున్నాను. నా ప్రాణం కోసమని అప్పుడు తెలిసింది.

“వస్తనని చెప్పిన అత్తమ్మా. ఇగ పోకుంట ఉంటనా?” అన్నాను.

పోయాను. తర్వాత పోయినప్పుడు కూడా ఆ మిట్ట దగ్గర కొద్దిగా చేపు వచ్చింది. ఆ పైన మరెన్నడూ రాలేదు. నాకేమీ కాలేదు, చూస్తున్నారుగా, ముసలిదాన్నై కూర్చుని ఇది చెప్తున్నాను. ఆ చోట గుర్తేమీ పెట్టలేదు. గోడ మలుపు, ఇటు ఒక పగులు, అటు ఒక చెట్టు చూసి మనసులో గీతలు గీసుకున్నాను. మా ఆయన గేటు దాటి లోపలికి రారు. అత్తమ్మ రానే రాదు. కాబట్టి చోటు దొరికిందని వాళ్లకు తెలుసు గానీ, అది ఎక్కడో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పలేదు. కావాలనే చెప్పలేదు.

యుద్ధం అయిపోయింది. శంకరం తిరిగి వచ్చాడు. నాంపల్లి స్టేషన్‌లో దిగినప్పుడు గుర్తుపట్టలేకపోయాం, అంత నల్లబడి చిక్కిపోయాడు. కొన్నాళ్లు కోలుకోనిచ్చి, ఒక పొద్దున అడిగాను.

“పాపను వెట్టిన కాడికి తీస్కపోతవా శంకరం?”

అతను తల వంచుకుని, “నడువు వదినా” అన్నాడు.

ఈసారి మా ఆయన కూడా లోపలికి వచ్చారు. నేను నోరు విప్పలేదు. వాళ్ల వెనక నడిచాను. శంకరం ముందు ఒక చోటికి పోయి, అటూ ఇటూ చూసి, కాదన్నట్టు తల ఊపాడు. ఇంకెక్కడో చూపిస్తే? ఇన్నాళ్లూ నేను ఎవరి బిడ్డకో నీళ్లు పోశానా? అతను గోడ వెంబడి నడిచాడు. మలుపు దగ్గర ఆగాడు. ఆ మిట్ట మీద నిలబడ్డాడు.

“గీడనే వదినా. వానకు నీళ్లు గీడ నిలువయి. పగటిపూట గోడ నీడ వడ్తది. ఎండకు ఓర్వదు గద అని...” అని, చేతుల్లో మొహం దాచుకున్నాడు. నేను అతని భుజం పట్టుకుని నిలబడ్డాను. పిల్ల పోయినప్పుడు అంత ఆలోచించి, నీడ చూసి పెట్టాడు ఆ పిల్లవాడు. ఆ ఋణం తీరేది కాదు.

తర్వాత ఆబిడ్స్‌లో ఒక డాక్టరమ్మను అడిగాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి దుఃఖంలో నెలల తర్వాత కూడా పాలు రావచ్చు, అది రోగం కాదు అన్నది. ఒప్పుకున్నాను. కానీ దుఃఖం అన్ని దిబ్బల దగ్గరా ఉండింది కదమ్మా, పాలు ఒక్క చోటనే ఎందుకు వచ్చాయి అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి.

శంకరం చోటు చూపించి వచ్చిన రోజు అత్తమ్మ అన్నం తినలేదు. మర్నాడు నా పక్కన కూర్చుని, ఎన్నడూ ఎత్తని మాట ఎత్తింది. మా ఆయన కంటే ముందు ఆమెకొక కొడుకు. పురుట్లోనే పోయాడట.

“మీ మామ గాడికే తీస్కపోయిండు. ఏడ వెట్టినవ్ అని అడగొద్దన్నరు. అడగలే” అంది. నా చేయి పట్టుకుని, “నన్ను గూడ తీస్కపో” అంది.

నియమాలన్నీ నాకు చెప్పిన మనిషి, ఆడది పోకూడదన్న మనిషి! పొద్దున్నే తలస్నానం చేసి, చెంబులో నీళ్లు పట్టుకుని సిద్ధమైంది. లోపలికి పోగానే నా చేయి వదిలించుకుంది. నేను నడిచినట్టే వరస పట్టి, ఒక్క దిబ్బనూ దాటకుండా, ప్రతిచోటా ఆగి నడిచింది. మోకాళ్ల నొప్పి మనిషి, ఒక్కసారి కూర్చోలేదు. నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఒక్క చోటన్నా, ఒక్క చిన్న గుర్తన్నా తెలియాలని నేను ఎన్నడూ నమ్మని దేవుళ్లందరికీ మొక్కాను.

చివరిదాకా నడిచి ఆగింది. “ఏం తెలుస్తలేదే” అంది.

నేను అబద్ధాలాడే మనిషిని కాదు. ఆ పొద్దు మాత్రం ఏదో ఒక చోటు చూపించి, ఇదే అత్తమ్మా అందామని నోటిదాకా వచ్చింది. నా మొహం చూసి పసిగట్టేసింది. “నువ్వు జెప్పకు. నాకు తెలిస్తెనే తెలిసినట్టు” అంది.

దయ్యాలున్నాయా అని నన్నడిగితే ఈనాటికీ లేవనే అంటాను. ఆ చలికాలం పొద్దున నా బట్టలు ఎందుకు తడిశాయంటే చెప్పలేను. ఎండిన పాలకు దారి చూపింది బిడ్డే అనుకుందామంటే, ఆ కొడుకు, కన్నతల్లి అన్ని దిబ్బల మధ్య తిరిగితే ఎందుకు పలకలేదు? ఆమె కూడా మోసింది, కన్నది. నాకిచ్చింది ఆమెకెందుకు ఇవ్వలేదు? నా అనుభవంలో నాకు అన్నిటికంటే అర్థం కానిది అదే.

ఆ రోజు నేను చెంబు అందుకోబోయాను, పాప దగ్గర నీళ్లు పోద్దామని. అత్తమ్మ ఇవ్వలేదు. మొదటి వరస దగ్గరికి తిరిగి నడిచింది. చెంబు కొద్దిగా వంచి, సన్నటి ధారగా, ప్రతి దిబ్బ పక్కనా నాలుగు చుక్కలు పోస్తూ మళ్ళీ మొదటి నుంచి నడవడం మొదలుపెట్టింది. నీళ్లు చాలవు అత్తమ్మా, అన్నాను.

“చాలకుంటె రేపు తెస్త” అంది, ఆగకుండానే. “ఏడనో ఓకాడ వానికి తాకుతయి.”